ఇంతకీ ఏటంటావు? పరిశోధనను వినేవాళ్ల దాకా తీసుకెళ్లే దారి

ఒడిశా తీరంలో గోపాలపూర్ దగ్గర ఒక జాలరిపల్లెకి, తుఫాను హెచ్చరికల మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయికి తోడుగా వెళ్లాను. ఆమె ప్రశ్నల కాగితాలు పట్టుకుని గంటసేపు అడిగింది. ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ ఓపిగ్గా జవాబులు చెప్పాడు. అంతా అయ్యాక ఆయన ఒక్కటే అడిగాడు: "ఇన్ని రాసుకున్నావు గదమ్మా, ఇంతకీ ఏటంటావు?"

ఆ అమ్మాయి తడబడింది. "గంజాం జిల్లా తీరప్రాంత మత్స్యకార కుటుంబాల్లో విపత్తు సన్నద్ధత..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. అది ఆమె థీసిస్ పేరు. ఆయన అడిగింది పేరు కాదు.

కొన్ని నెలల తర్వాత, థీసిస్ సమర్పించే ముందు ఆమె ఇచ్చిన ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కి కూడా వెళ్లాను. ఇరవై నిమిషాల సమయం, నలభైకి పైగా స్లైడ్లు. ప్రతి స్లైడ్ నిండా అక్షరాలే. ఆమె తెరవైపు తిరిగి చదువుతూ పోయింది. మూడేళ్లు ఎండలో తిరిగి చేసిన పని అది. ఎంత విలువైనదో నాకు తెలుసు. హాల్లో కూర్చున్న వాళ్లకి మాత్రం అది చేరలేదు. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నే అక్కడ అందరి మొహాల్లోనూ ఉంది. మర్యాద కొద్దీ ఎవరూ పైకి అడగలేదు.

బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో చదువుకునే మన తెలుగు పిల్లలు చాలామందికి ఇదే జరుగుతోంది. ప్రెజెంటేషన్ ఆకట్టుకునేలా ఉండాలి అని గైడ్ చెప్పగానే మంచి టెంప్లేట్ కోసం వెతుకుతారు. రంగులు మారుస్తారు, అక్షరాలు ఎగిరొచ్చేలా పెడతారు. కానీ వినేవాళ్లకి విసుగు పుట్టేది రంగులు తక్కువై కాదు. చదవడానికి రాసిన దాన్ని, ఉన్నదున్నట్టు వినిపించబోవడం వల్ల.

చదివే వరుస వేరు, వినే వరుస వేరు

థీసిస్‌కి ఒక క్రమం ఉంటుంది. నేపథ్యం, అంతకుముందు ఎవరేం చేశారు, మన పద్ధతి, ఫలితాలు, చర్చ. చదివేవాడికి ఆ క్రమం బాగానే ఉంటుంది, ఎందుకంటే అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పుకోగలడు. వినేవాడికి ఆ వీలు లేదు. చెవిలో పడ్డది పడ్డట్టే పోతుంది.

మనిషి ఒక క్షణంలో మనసులో పట్టుకోగలిగే విషయాలు చాలా కొద్ది. జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో ఆ లెక్క ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ పరిశోధనలన్నీ మళ్లీ తిరగేసి, నిజానికి నాలుగు దగ్గరే ఆగుతుందని చూపించాడు. ఇప్పుడు ఆలోచించండి. అసలు ప్రశ్న ఏమిటో చెప్పకుండా ఎనిమిది నిమిషాలు లిటరేచర్ రివ్యూ, అంటే అంతకుముందు ఎవరేం చేశారో చెబితే, వినేవాడు ఆ పాతిక పేర్లనీ సంవత్సరాలనీ ఎక్కడ తగిలించుకుంటాడు? గోడకి మేకు కొట్టకుండా చొక్కాలు అందిస్తూ పోయినట్టు ఉంటుంది.

ఈ సమస్యని మన బుర్రకథ ఎప్పుడో పరిష్కరించుకుంది. మధ్యలో కథకుడు, ఇటూ అటూ ఇద్దరు వంతలు. కథ ఒక మలుపు దగ్గరికి రాగానే వంత అడ్డుపడి "అప్పుడేమయిందండీ?" అంటాడు. జనం మనసులో పుట్టబోయే ప్రశ్నని వాళ్లకంటే అరక్షణం ముందు అడగడం అతని పని. ప్రశ్న ముందు పడుతుంది కాబట్టి, ఆ తర్వాత వచ్చే వాక్యం జవాబుగా వినిపిస్తుంది. జవాబుగా వచ్చిన మాట నిలుస్తుంది, సమాచారంగా వచ్చిన మాట జారిపోతుంది. సెమినార్ హాల్లో మన పక్కన వంతలు ఉండరు. కథ చెబుతూనే వంత పని కూడా మనమే చెయ్యాలి.

అది ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆ అమ్మాయి పరిశోధన ఆమెది, దాన్ని ఇక్కడ పెట్టను. అలాంటి విషయమే ఒకటి ఊహించుకుందాం: హెచ్చరిక వచ్చాక కూడా కొన్ని కుటుంబాలు ఇల్లు ఎందుకు వదలవు?

అలవాటుగా చేసే మొదటి స్లైడు "పరిచయం" అని ఉంటుంది, కింద విపత్తు అనే మాటకి మూడు నిర్వచనాలు. దాని బదులు తెరమీద రెండే రెండు అంకెలు పెట్టామనుకోండి. 1999 అక్టోబర్ 29న పారాదీప్ దగ్గర తీరాన్ని తాకిన సూపర్ సైక్లోన్: ఒడిశాలో పదివేల దాకా ప్రాణాలు. 2013 అక్టోబర్ 12న గోపాలపూర్ దగ్గర తీరాన్ని తాకిన ఫైలిన్ తుఫాను: యాభై లోపు. ఆ రెండు అంకెలూ చూపించి రెండు క్షణాలు మాట్లాడకుండా ఉండాలి. బరంపురం వాళ్లకైతే ఆ తేదీలు చెప్పనక్కర్లేదు, ఒంటిమీదే రాసి ఉంటాయి. 1999లో అదే నెల మధ్యలో ఈ తీరాన్నే ఇంకో తుఫాను కొట్టింది కూడా.

"మధ్యలో ఈ పద్నాలుగేళ్లలో ఏం మారింది?" ఇది మొదటి వంత. హాల్లో ఉన్నవాళ్లు అప్పటికే ఊహించుకోవడం మొదలుపెడతారు. ముందస్తు అంచనాలు మెరుగుపడ్డాయి, 1999 చివర్లోనే రాష్ట్రం విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టుకుంది, తుఫాను షెల్టర్లు కట్టారు, ఫైలిన్‌కి ముందు దాదాపు పది లక్షల మందిని తరలించారు. లిటరేచర్ రివ్యూ రావలసింది ఇక్కడ. ఇప్పుడది పేర్ల పట్టిక కాదు, అందరూ ఎదురుచూస్తున్న జవాబు.

తర్వాత రెండో వంత: "అయినా కొందరు కదల్లేదు. ఎందుకు?" మన పరిశోధన మొదలయ్యేది ఇక్కడ. మనం ఒక కారణం చెబుతాం, ఉదాహరణకి పడవనీ వలనీ దాచుకునే చోటు లేకపోవడం. చెప్పగానే వినేవాడికి అనుమానం వస్తుంది, "నీకెలా తెలుసు?" అని. మెథడాలజీ చెప్పవలసిన క్షణం అదే. ఎన్ని ఊళ్లు, ఎన్ని ఇళ్లు, ఎలా ఎంచుకున్నాం, ఏం అడిగాం. పద్ధతి గురించిన స్లైడు నీరసంగా ఉండేది పద్ధతి నీరసమైనదని కాదు. అనుమానం పుట్టకముందే దాన్ని వడ్డిస్తున్నాం కాబట్టి.

ఇలా చెప్పడంలో ఒక ప్రమాదం ఉంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే తేడా అంతా ప్రభుత్వ సన్నద్ధత వల్లే వచ్చిందనిపిస్తుంది. కానీ రెండు తుఫానులూ సమానం కావు. 1999 నాటిది గాలి వేగంలో ఇంకా పెద్దది, తీరం దాటాక కూడా ముందుకి కదలకుండా చాలాసేపు నిలిచిపోయి వానతో ముంచేసింది. ఈ మాట ప్రెజెంటేషన్‌లోనే, మన నోటితోనే రావాలి. అలాగే 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరాన్ని తాకినప్పుడు, గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. సముద్రం ఒడ్డు కోసం చేసుకున్న ఏర్పాట్లు కొండ మీద పనికిరాలేదు. ఈ చిక్కు చెబితే కథ పాడవుతుందని భయపడతారు. నా అనుభవంలో సరిగ్గా అక్కడే వినేవాళ్లు ముందుకి వంగుతారు. తన వాదనకి అడ్డొచ్చేదాన్ని తానే చూపించినవాడి మిగతా మాటలు కూడా నమ్ముతారు.

మూడు భాషల మధ్య

మన సరిహద్దు పిల్లల కష్టం ఇంకొకటి ఉంది, పెద్ద నగరాల్లో రాసే ప్రెజెంటేషన్ సలహాల్లో అది కనబడదు. గోపాలపూర్ తీరంలో ఫీల్డ్‌వర్క్ తెలుగులో జరుగుతుంది, ఎందుకంటే అక్కడి జాలర్లలో చాలామంది తెలుగువాళ్లే. గజపతి కొండల్లో అయితే సవర భాషలో. డిపార్ట్‌మెంట్‌లో మాటలు ఒడియాలో. థీసిస్ ఇంగ్లీషులో. ఒకే విషయం మూడు నాలుగు భాషలు దాటి తెరమీదకి వస్తుంది. దాటే ప్రతిసారీ దాన్లోంచి ఒక మనిషి తప్పిపోతాడు.

పెద్దాయన "పడవ పోతే నేనెందుకు బతకడం" అన్నాడనుకుందాం. అది నోట్‌బుక్‌లో "జీవనోపాధి కోల్పోతామన్న భయం" అవుతుంది. థీసిస్‌లో "సోషియో-ఎకనామిక్ కన్‌స్ట్రెయింట్" అవుతుంది. స్లైడు మీదకి వచ్చేసరికి ఏడు బుల్లెట్లలో నాలుగోది అవుతుంది.

పిల్లలు స్లైడు నిండా అక్షరాలు ఎందుకు నింపుతారంటే బద్ధకంతో కాదు, ఇంగ్లీషులో మాట తడబడితే పట్టుకోవడానికి. ఆ టెన్షన్ నాకు తెలుసు, నేనూ పడ్డాను. అందుకే ఆ పిల్లల్ని తప్పుపట్టబుద్ధి కాదు. కానీ ఆ ఊతకర్ర తెరమీద కాకుండా చేతిలో చిన్న కార్డు మీద ఉంటే చాలు.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు వెంకట రామమూర్తిగారు ఈ నేల మీదే, జనం మాట కాగితం మీదకి ఎలా రావాలన్న ప్రశ్నతో జీవితమంతా గడిపారు. చుట్టుపక్కల కొండల్లో ఉన్న సవరల భాష నేర్చుకోవడానికి అప్పటికి పుస్తకాలు లేవు. ఆ మనుషుల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు, వాళ్ల భాషలో వాచకాలు రాశారు, 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. తెలుగు పుస్తకాల్లో జనం నోట ఉన్న భాష రావాలని ఆయన పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినంగా జరుపుకుంటున్నాం. ఆయన్ని తలుచుకోవడానికి పూలదండకంటే మంచి పద్ధతి నా దృష్టిలో ఒకటుంది: పరిశోధనని ముందు మన భాషలో నోటితో చెప్పి చూడటం.

స్లైడ్లు మొదలుపెట్టకముందే, ఆ విషయం తెలియని ఇంటివాళ్లెవరికైనా, పిన్నికో బాబాయికో, తెలుగులో పది నిమిషాలు చెప్పండి. ఇంగ్లీషులో మనం నామవాచకాల వెనక దాక్కోగలం. "డిటర్మినెంట్స్ ఆఫ్ ఎవాక్యుయేషన్ బిహేవియర్" అంటే అందులో మనిషే లేడు. దాన్నే తెలుగులో పిన్నికి చెప్పాలంటే "ఎవరు ఇల్లు వదిలారు, ఎవరు వదల్లేదు, ఎందుకు" అనక తప్పదు. కర్త కావాలి, క్రియ కావాలి. అలా బయటపడిన వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టుకుంటే, అది చిన్న ఇంగ్లీషు అవుతుంది, నోరు తిరుగుతుంది, వినేవాడికీ అందుతుంది.

ఇంకో పని చెయ్యొచ్చు. అనుమతి తీసుకుని, పేరు బయటపెట్టకుండా, ఫీల్డ్‌లో రికార్డు చేసిన గొంతు పది సెకన్లు వినిపించండి. తెరమీద దాని ఇంగ్లీషు అనువాదం ఒక్క వాక్యం. మనం పది నిమిషాలు వివరించినా రానిది ఆ గొంతులో ఉంటుంది.

తెర మీద ఏముండాలి

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల్లో ఒక విషయం తేలింది. బొమ్మ చూపిస్తూ మాటతో వివరిస్తే మనుషులు బాగా నేర్చుకుంటారు. అదే మాటల్ని తెరమీద కూడా అచ్చు వేస్తే తక్కువ నేర్చుకుంటారు. చదవడం, వినడం రెండూ భాష పనే కాబట్టి ఒకదాన్ని ఒకటి తోసుకుంటాయి. పైగా చదివే వేగం మాట వేగంకంటే ఎక్కువ. మనం రెండో బుల్లెట్ దగ్గర ఉండగానే వాళ్లు ఆరోది చదివేసి, మనకోసం కాచుకుని కూర్చుంటారు. వింటున్న భాష సొంతది కానప్పుడు మాత్రం ముఖ్యమైన పదాలు తెరమీద కనబడితే మేలు చేస్తాయి. మన హాళ్లలో అందరికీ ఇంగ్లీషు అరువు భాషే కాబట్టి, పారిభాషిక పదం, ఊరిపేరు, అంకె తెరమీద ఉండాలి. వాక్యాలకి వాక్యాలు అక్కర్లేదు.

బుల్లెట్ల గురించి చెప్పేటప్పుడు నాకు కల్పనా చావ్లా గుర్తొస్తుంది. 2003 జనవరిలో ఆమె ఉన్న కొలంబియా అంతరిక్ష నౌక ఎగిరినప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. అది ప్రమాదమా కాదా అని ఇంజనీర్లు నాసా అధికారులకి స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకదాన్ని, సమాచారాన్ని కంటికి ఎలా చూపించాలన్న దాని మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ తర్వాత వాక్యం వాక్యం విడదీసి చూపించాడు. పైన పెద్ద అక్షరాల శీర్షిక చూస్తే భయం లేదన్నట్టు ఉంటుంది. కింద, బుల్లెట్ కింద బుల్లెట్ కింద చిన్న అక్షరాల్లో, పరీక్షల్లో వాడిన ముక్కలకీ నిజంగా తగిలిన ముక్కకీ ఎక్కడా పొంతన లేదన్న సంగతి ఉంది. తగిలింది 640 రెట్లు పెద్దది. ఫిబ్రవరి 1న నౌక తిరిగివస్తూ ముక్కలైంది, ఏడుగురూ పోయారు. ఒక్క స్లైడు వల్ల అలా జరిగిందని నేను అనను, కారణాలు చాలా ఉన్నాయి. కానీ విచారణ మండలి నివేదికే, సాంకేతిక పత్రాలు రాయాల్సిన చోట స్లైడ్లతో సరిపెట్టే అలవాటుని తప్పుపట్టింది. అతి ముఖ్యమైన మాట అతి చిన్న అక్షరాల్లో ఎలా పడిందో మన స్లైడ్లు తయారుచేసుకునేటప్పుడు గుర్తుంచుకోవాలి.

దీనికి మైకేల్ ఆలీ అనే ఆచార్యుడు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. స్లైడు పైన "ఫలితాలు" లాంటి మాట పెట్టకుండా, ఆ స్లైడు ఏం చెబుతోందో ఒక పూర్తి వాక్యం రాయాలి. కింద బుల్లెట్లు కాకుండా ఆ వాక్యానికి సాక్ష్యం చూపించాలి: ఫొటో, మ్యాప్, గ్రాఫ్. మన ఉదాహరణలో అయితే, "పడవ దాచే చోటు లేని కుటుంబాలు ఆఖరి గంట దాకా కదల్లేదు" అని పైన, ఆ ఊరి మ్యాప్ కింద. వాక్యం రాయడానికి కూర్చుంటేనే తెలుస్తుంది, కొన్ని స్లైడ్లకి చెప్పే మాటే లేదని. వాటిని తీసెయ్యాలి.

"మీకు వెనక్కి కనబడకపోవచ్చు గానీ" అంటూ పన్నెండు వరుసల టేబుల్ చూపించడం ప్రతి సెమినార్‌లో చూస్తున్నాను. కనబడదని తెలిసినప్పుడు పెట్టకూడదు. అందులో మనకి కావలసిన మూడు అంకెలు పెద్దగా పెట్టి, పూర్తి టేబుల్ కాగితం మీద పంచండి. గ్రాఫులో నిలువు కడ్డీలు సున్నా దగ్గర మొదలవ్వాలి, లేకపోతే చిన్న తేడా కొండంత కనబడి అబద్ధం అవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు హాల్లో ఉండొచ్చు, నీలం, నారింజ వాడితే నష్టం లేదు.

అసలు కొన్ని చోట్ల తెర కూడా అక్కర్లేదు. 1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా టౌన్ హాల్లో కంటికి కనబడని తరంగాలు గోడల్ని దాటి వెళ్తాయని చెప్పడానికి, దూరంగా ఉన్న గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించాడు. ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదం మీద 1986లో విచారణ జరుగుతుంటే భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, రాకెట్ అతుకుల్లో వాడే రబ్బరు ముక్కని గ్లాసులోని మంచునీళ్లలో ముంచి తీశాడు. చలికి రబ్బరు సాగే గుణం పోయిందని అందరికీ కళ్లముందే అర్థమైంది. బరంపురం పట్టు మీద పనిచేసే పిల్లవాడు అంచులో కుంభం బుటా గురించి నాలుగు స్లైడ్లు చేసేకంటే, చేతిమగ్గం గుడ్డ ఒకటి, మరమగ్గం గుడ్డ ఒకటి వరుసల్లోకి పంపిస్తే చాలు. అందరూ వేళ్లతో తడిమి చూస్తారు, తేడా ఏమిటని అడుగుతారు. అడిగారంటే ఇక మీరు చెప్పే ప్రతి మాటకీ చోటు దొరికినట్టే.

ఏది వదలాలి

ఇది అన్నిటికంటే కష్టం. మూడేళ్ల పనిలో ఏ ముక్క వదిలినా మోసం చేసినట్టు అనిపిస్తుంది, గైడ్‌గారు అడుగుతారేమో అన్న భయం వేరే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన త్రీ మినిట్ థీసిస్ పోటీలో నియమం మూడు నిమిషాలు, కదలని స్లైడు ఒక్కటే. పోటీకి వెళ్లినా వెళ్లకపోయినా ఆ కొలతలో ఒకసారి చెప్పి చూడండి. మూడు నిమిషాల్లో మిగిలింది మీ వెన్నెముక. ఇరవై నిమిషాలు ఇచ్చినా వెన్నెముక అదే, దానికి కండ పట్టించాలి అంతే. వదిలిన స్లైడ్లని పారేయకండి. చివరి స్లైడు తర్వాత దాచి ఉంచండి. ఎవరైనా శాంపిల్ గురించి అడిగితే సరిగ్గా ఆ స్లైడు తీసి చూపించండి. అన్నీ ముందే చెప్పేసినవాడికంటే, అడిగినప్పుడు తీసి చూపించినవాడే బాగా సిద్ధమై వచ్చాడని పరీక్షకులకి అనిపిస్తుంది.

ప్రశ్న ఒడియాలో వస్తే ఒడియాలోనే జవాబివ్వండి, వచ్చినంతలో. ప్రశ్న అర్థం కాకపోతే "మీరు అడుగుతున్నది ఇదేనా అండీ?" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఆలోచించుకోవడానికి నాలుగు క్షణాలు దొరుకుతాయి, వెనక వరుసవాళ్లకి ప్రశ్న కూడా వినబడుతుంది. తెలియనిదాన్ని తెలియదనే చెప్పండి.

ఇంకొక్క చిన్న మార్పు. ప్రశ్నలు జరుగుతున్నంతసేపూ చాలామంది తెరమీద పూలగుత్తితో "థాంక్యూ" అని ఉంచేస్తారు. పది నిమిషాలు అందరి కళ్లూ ఆ పూలమీదే. ఆ చోటులో మీ ఒక్క వాక్యం పెట్టండి, ఆ పెద్దాయన "ఇంతకీ ఏటంటావు" అని అడిగితే చెప్పే వాక్యం. దాని పక్కన ఆ మ్యాప్. అడిగేవాళ్లు దాన్ని చూస్తూ అడుగుతారు, కాబట్టి ప్రశ్నలు మీ పని మీదే పడతాయి.